కట్టమంచి రామలింగారెడ్డి

పడమటి కనుమల పాదాన రాజపాళయం ఉంది. నూలు మిల్లులకు పేరుపొందిన ఈ పట్టణంలో ఎన్నో ఇళ్ళలో ఈనాటికీ తెలుగు మాట్లాడతారు. కొన్ని వందల ఏళ్ళ క్రితం తెలుగు దేశం నుండి వచ్చి స్థిరపడినవారి సంతతి వారు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఒక సందేహం కలగటం సహజం. తెలుగు దేశానికి దూరంగా ఉండి తెలుగు చదివితే ఆ చదువు ఎంతవరకు వస్తుంది? తెలుగువారికి ఒక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టిన కట్టమంచి రామలింగారెడ్డి తన పడుచు వయసులో పన్నెండేళ్ళు కన్నడ దేశంలో గడిపారు. తెలుగు సాహిత్య విమర్శను కొత్త దారి పట్టించిన గ్రంథాన్ని ఆయన రాసింది అక్కడ ఉన్నప్పుడే.

రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10న చిత్తూరు దగ్గర కట్టమంచి గ్రామంలో జన్మించారు. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి, తల్లి నారాయణమ్మ. కట్టమంచి ఈనాడు చిత్తూరు పట్టణంలో కలిసిపోయింది. ఆ రోజులలో చిత్తూరు జిల్లా అన్నదే లేదు. ఆ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లోగాని చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. సంతలో తెలుగు, తమిళం రెండూ వినిపించే సీమ అది. రాజపాళయం పిల్లలకు ఆ వాతావరణం కొత్తది కాదు.

చిత్తూరులో ఉన్నత పాఠశాల చదువు ముగించి ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. ఆ కళాశాలలో తెలుగు విద్యార్థులకు ఆంధ్రభాషాభిరంజని అనే సమాజం ఉండేది. 1899లో ఆ సమాజం కావ్యరచనలో పోటీ పెట్టింది. పందొమ్మిదేళ్ళ రామలింగారెడ్డి ఆ పోటీకి రాసిన కావ్యమే 'ముసలమ్మ మరణము'. దానికే బహుమతి వచ్చింది.

ఆ కావ్యానికి ఆయన ఎన్నుకొన్న కథ గమనింపదగినది. పురాణాలలోని రాజులను, అప్సరసలను ఆయన వదిలిపెట్టారు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం అనే పెద్ద చెరువు ఉంది. ఒకసారి వానలు ఎక్కువై చెరువు కట్ట తెగబోయింది. బసిరెడ్డి అనే రైతు చిన్న కోడలు ముసలమ్మ బలి అయితేనే గండి పూడుతుందని దైవవాణి వినిపించింది. ఆమె భర్తను, బిడ్డను, అత్తమామలను విడిచి ఊరి కోసం నీటిలో దిగింది. ఆ ప్రాంతపు జనం చెప్పుకొనే ఈ కథ బ్రౌను దొర సేకరించిన స్థానిక చరిత్రలలో ఉంది. తెలుగు కావ్యాలు అప్పటివరకు శుభంతోనే ముగిసేవి. ఒక రైతు ఇంటి కోడలిని నాయికగా చేసి, ఆమె మరణంతో కావ్యాన్ని ముగించటం ఆనాటికి సాహసమే. అందుకే సాహిత్య చరిత్రకారులు చాలామంది ఆధునిక తెలుగు ఖండకావ్యాలలో దీనిని మొదటిదిగా చెబుతారు.

1902లో ఆయన పట్టభద్రులయ్యారు. ప్రతిభావంతులైన విద్యార్థులకు భారత ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి వేతనం ఆయనకు లభించింది. దానితో ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని సెంట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదివి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. అక్కడి విద్యార్థుల చర్చావేదికకు యూనియన్ అని పేరు. ఇంగ్లండులో మంత్రులు కాబోయే యువకులు వాదనలో ఆరితేరేది అక్కడే. ఆ యూనియన్‌కు రామలింగారెడ్డి ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. భారతదేశం పరాయి పాలనలో ఉన్న రోజులలో, పాలించే జాతి పిల్లలే ఓట్లు వేసి ఒక భారతీయుణ్ణి ఎన్నుకొన్నారంటే ఆయన వాగ్ధాటి ఎటువంటిదో ఊహించవచ్చు.

అంతటి చదువుతో స్వదేశానికి వచ్చినవారు ఆ రోజులలో న్యాయవాదులో, పెద్ద ఉద్యోగులో అయ్యేవారు. ఆయన మాత్రం బోధననే ఎన్నుకొన్నారు. కొంతకాలం బరోడా కళాశాలలో పనిచేసి, 1909 ప్రాంతంలో మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా చేరారు.

మైసూరు అప్పుడు నాలుగవ కృష్ణరాజ ఒడయారు ఏలుబడిలో ఉంది. విశ్వేశ్వరయ్య దివానుగా ఉన్న కాలంలో సంస్థానానికి సొంత విశ్వవిద్యాలయం కావాలన్న ఆలోచన బలపడింది. అప్పటివరకు మైసూరు విద్యార్థులు మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షలు రాసేవారు. విశ్వవిద్యాలయం ఎలా ఉండాలి? పరీక్షలు పెట్టి పట్టాలు ఇచ్చే కార్యాలయంగా ఉంటే చాలునా? ఆచార్యులు పాఠాలు చెబుతూ, కొత్త విషయాలు పరిశోధిస్తూ, విద్యార్థులతో కలిసి మెలిసి ఉండే చోటు కావాలా? ఈ ప్రశ్నలకు సమాధానం పుస్తకాలలో వెతికితే దొరకదని సంస్థానం భావించింది. రామలింగారెడ్డిని, మహారాజా కళాశాలలో ఆచార్యుడైన థామస్ డెన్‌హమ్‌ను విదేశాలకు పంపింది. అక్కడి విద్యాసంస్థలు ఎలా నడుస్తున్నాయో చూసి వారు తెచ్చిన అనుభవం కొత్త విశ్వవిద్యాలయ రూపకల్పనకు ఉపయోగపడింది. 1916 జూలై 27న మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. భారతదేశంలో ఒక సంస్థానం స్థాపించిన మొదటి విశ్వవిద్యాలయం అదే. అదే సంవత్సరం రామలింగారెడ్డి మహారాజా కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు.

ఆ మైసూరులో ఉండగానే ఆయన తెలుగుకు చేసిన సేవ తక్కువది కాదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ అప్పటికి ఇరవై ఏళ్ళు దాటని యువకుడు. సంస్కృతం చదువుకొనటానికి మైసూరు వచ్చి ఉన్నారు. ఆయన ప్రతిభను రామలింగారెడ్డి గుర్తించారు. వయసు చూడలేదు, పట్టాలు అడగలేదు. 1912లో మహారాజా కళాశాలలో తెలుగు పండితునిగా నియమింపజేశారు. రాళ్ళపల్లి దాదాపు నలభై సంవత్సరాలు ఆ కొలువులోనే ఉండి సాహిత్యంలోను, సంగీతంలోను మహా విద్వాంసులుగా పేరు పొందారు. ఒక ఉపాధ్యాయుడు మరొక ఉపాధ్యాయుణ్ణి కనుగొనటం కూడా విద్యాసేవలో భాగమే. పట్టికలలో దానికి చోటు ఉండదు గనుక చాలామంది మరచిపోతారు.

1914లో 'కవిత్వతత్త్వ విచారము' వెలువడింది. పదహారవ శతాబ్దపు కవి పింగళి సూరన రచించిన 'కళాపూర్ణోదయం' మొదలైన కావ్యాలను ఇందులో రామలింగారెడ్డి పరిశీలించారు. అంతవరకు కావ్యవిమర్శ అంటే ఈ పద్యంలో ఏ అలంకారం ఉంది, ఏ వ్యాకరణ విశేషం ఉంది అని చూపటమే. ఆయన వేరే ప్రశ్నలు వేశారు. కథ బిగువుగా నడిచిందా? పాత్రలు ప్రాణమున్న మనుషుల వలె ప్రవర్తించాయా? కవి తన ఊహతో కొత్తదేదైనా సృష్టించాడా, పాత వర్ణనలనే తిరగరాశాడా? ఈ కొలబద్దతో చూచినప్పుడు సూరన మహాకవిగా నిలిచాడు. పండితులు తలపై పెట్టుకొన్న కొన్ని ప్రబంధాల లోపాలు బయటపడ్డాయి. పండితలోకం భగ్గుమన్నది. ఆంగ్ల కావ్యాలకు పెట్టే తూకంతో తెలుగు కావ్యాలను తూచటమేమిటని కొందరు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో కొంత న్యాయం ఉన్నదని కూడా చెప్పాలి. ప్రబంధకవుల శబ్దసౌందర్యానికి ఆ గ్రంథంలో దక్కవలసినంత మన్నన దక్కలేదు. అయినా ఆ తరువాత తెలుగులో విమర్శ రాసినవారెవరూ ఆ పుస్తకాన్ని తప్పించుకొని పోలేకపోయారు. అర్థశాస్త్రాన్ని తెలుగులో చెప్పటానికి పూనుకొన్న తొలి రచయితలలో కూడా ఆయన ఒకరు. ధర, కూలి, వడ్డీ, వాణిజ్యం వంటి విషయాలు ఇంగ్లీషు రానివారికి కూడా తెలియాలని ఆయన ఉద్దేశం.

1918లో ఆయన మైసూరు సంస్థానానికి విద్యాశాఖాధిపతి అయ్యారు. అప్పటివరకు ఆయన చేతిలో ఉన్నది ఒక కళాశాల. ఇప్పుడు సంస్థానంలోని పల్లెటూరి బడులన్నీ ఆయన బాధ్యత అయ్యాయి. ఆ బడులలో చాలావాటిలో అంటరానివారని వెలివేయబడిన కులాల పిల్లలకు ప్రవేశం లేదు. వారికి ఎక్కడో దూరాన వేరు బడి ఉండేది, లేదా అదీ ఉండేది కాదు. ప్రభుత్వ ధనంతో నడిచే బడి అన్ని కులాల పిల్లలదీ అని విద్యాశాఖ నిర్ణయించి తలుపులు తెరిపించింది. అగ్రవర్ణాల వారిలో అభ్యంతరాలు, అలజడి బయలుదేరాయి. రామలింగారెడ్డి జంకలేదు. ప్రపంచంలోని గొప్ప విశ్వవిద్యాలయాలను చూసి వచ్చిన మనిషి, పల్లెలో ఒక పిల్లవాడు బడి గడప దాటగలడా లేదా అన్న విషయాన్ని చిన్నదిగా ఎంచలేదు. ఆయన చేసిన పనులలో పుస్తకాల కంటె దీనికే ఎక్కువ విలువ ఇవ్వవలసి ఉంటుంది.

తరువాత ఆయన మైసూరు ఉద్యోగాన్ని వదలి రాజకీయాలలో ప్రవేశించారు. జస్టిస్ పార్టీ పక్షాన మద్రాసు శాసనసభలో సభ్యులయ్యారు. కొద్దికాలానికే ఆ పార్టీ నాయకులతో విభేదించి బయటికి వచ్చి, 1923లో పానగల్లు రాజా మంత్రివర్గం మీద తానే అవిశ్వాస తీర్మానం పెట్టారు. తీర్మానం ఓడిపోయింది. రాజకీయాలలో ఆయన మాటకు పేరు వచ్చింది గాని, పని మిగలలేదు. ఆయనకు తగిన పని మరొకటి వేచి ఉంది.

మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. దక్షిణాదిలో తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ ప్రాంతాల కళాశాలలకు చాలా కాలం అదే దిక్కు. హైదరాబాదులో 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. తెలుగు వారికి తమదని చెప్పుకొనటానికి ఒక విశ్వవిద్యాలయం లేదు. ఆంధ్రోద్యమం పెరిగిన కొద్దీ ఈ కోరిక కూడా పెరిగింది. చివరకు మద్రాసు శాసనసభ చట్టం చేసింది. 1926 ఏప్రిల్ 26న ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడ కేంద్రంగా ప్రారంభమైంది. రామలింగారెడ్డి మొదటి ఉపకులపతి, అనగా వైస్ ఛాన్సలర్ అయ్యారు. తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయం వెలసింది ఇంకా మూడేళ్ళకు, 1929లో.

విశ్వవిద్యాలయం అంటే పేరు మాత్రమే ఉన్న రోజులవి. భవనాలు లేవు, ప్రయోగశాలలు లేవు, చాలినంత ధనం లేదు. ఉన్న కళాశాలలకు పరీక్షలు జరపటమే మొదటి పని. దానికి తోడు కేంద్రం ఎక్కడ ఉండాలన్న తగవు. బెజవాడ వారు బెజవాడ అన్నారు, రాజమండ్రి వారు రాజమండ్రి అన్నారు, విశాఖ వారు విశాఖ అన్నారు. రాయలసీమ వారి దారి వేరు. ఒక ఇంటికి పునాది తీయక ముందే అన్నదమ్ములు గదుల కోసం పోట్లాడుకొన్నట్లు ఉంది ఆ వ్యవహారం. ఎట్టకేలకు విశాఖపట్టణం పక్కన సముద్రతీరాన ఉన్న వాల్తేరు ఎత్తుప్రదేశం స్థిరమై, 1930లో కార్యాలయం అక్కడికి మారింది. కల ఒక రూపం దాల్చబోతున్నది. పరీక్షలు పెట్టే కార్యాలయం పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయంగా మారవలసిన సమయం అదే.

సరిగా ఆ సంవత్సరమే దేశంలో ఉప్పు సత్యాగ్రహం ఆరంభమైంది. 1930 ఏప్రిల్ 6న గాంధీజీ దండి తీరాన ఉప్పు తీశారు. ఆంధ్ర తీరమంతటా వాలంటీర్లు సముద్రపు నీటిని కాచి ఉప్పు వండారు. ప్రభుత్వం లాఠీలతోను, అరెస్టులతోను బదులు చెప్పింది. దెబ్బలు తిన్నవారిలో చదువు మానివచ్చిన విద్యార్థులు కూడా ఉన్నారు. రామలింగారెడ్డి ముందు రెండు దారులు ఉన్నాయి. విశ్వవిద్యాలయానికి రాజకీయాలతో పని లేదని ఊరుకొంటే, నాలుగేళ్ళు పెంచిన మొక్క కాయ కాసేదాకా దగ్గర ఉండి చూడవచ్చు. తాను తప్పుకొంటే దాని గతి ఏమవుతుందో తెలియదు. ఇది తేలిక నిర్ణయం కాదు. స్వార్థం కోసమైతే పదవిని పట్టుకొని ఉండటం తప్పని ఎవరైనా చెప్పగలరు. ఒక మంచి పని కోసం పట్టుకొని ఉండటం తప్పా అన్న ప్రశ్నకు సమాధానం అంత సులభంగా దొరకదు. ప్రజలను కొట్టే ప్రభుత్వం ఇచ్చిన గౌరవ పీఠం మీద కూర్చొని యువకులకు ఏమి బోధించగలమని ఆయన అనుకొన్నారు కాబోలు. ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఉపకులపతి పదవికి రాజీనామా ఇచ్చారు.

విశ్వవిద్యాలయం అనాథ కాలేదు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా వచ్చారు. ఈనాడు తమిళనాడులో ఉన్న తిరుత్తణిలో పుట్టిన తెలుగు బిడ్డ ఆయన. ఇద్దరి జీవితాలూ ఒకే బాటలో నడిచినట్లు కనిపిస్తాయి. ఇద్దరి జన్మస్థలాలూ పాత ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. ఇద్దరూ మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు. ఇద్దరూ మైసూరులో ఆచార్యులుగా పనిచేశారు. 1936 వరకు రాధాకృష్ణన్ వాల్తేరులో ఉండి, బోధనా శాఖలు తెరిచి, సమర్థులైన యువకులను ఆచార్యులుగా రప్పించారు. భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, రసాయనశాస్త్రంలో టి. ఆర్. శేషాద్రి అలా వచ్చినవారే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చి విజ్ఞానశాస్త్రాల కళాశాలను పోషించారు.

రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డు ఆచార్య పదవికి వెళ్ళటంతో 1936లో రామలింగారెడ్డి తిరిగి ఉపకులపతి అయ్యారు. ఈసారి పదమూడు సంవత్సరాలు, 1949 వరకు ఆ స్థానంలో ఉన్నారు. తన తరువాత వచ్చినవారు కట్టిన గోడను పడగొట్టి మళ్ళీ తన పద్ధతిలో కట్టే అలవాటు పెద్ద పదవులలో ఉన్నవారికి తరచుగా ఉంటుంది. ఆయన ఉన్న గోడ మీదనే మరి నాలుగు వరుసలు పేర్చారు. ఆ కాలంలో వాల్తేరులో గణితం చదివిన విద్యార్థులలో ఒకరు సి. ఆర్. రావు. సంఖ్యాశాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఆయన కూడా కన్నడ దేశంలోని హడగలిలో పుట్టిన తెలుగువారే.

రెండవ ప్రపంచ యుద్ధంలో విశ్వవిద్యాలయానికి పెద్ద పరీక్ష ఎదురైంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్టణం మీద బాంబులు వేశాయి. నౌకాశ్రయం ఉన్న ఊరు కనుక భయం ఎక్కువ. జనం మూటలు కట్టుకొని పల్లెలకు తరలిపోయారు. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు మార్చవలసి వచ్చింది. దుకాణం మార్చినంత సులువు కాదు ఇది. గ్రంథాలయం ఉంది, గాజు పరికరాల ప్రయోగశాలలు ఉన్నాయి, సగంలో ఉన్న పరిశోధనలు ఉన్నాయి, ఊరు కాని ఊరిలో విద్యార్థులకు బస కావాలి. అప్పటికి ఆయనకు అరవై ఏళ్ళు దాటాయి. చదువు ఆగకూడదన్న పట్టుదలతో పాఠాలు గుంటూరులో కొనసాగించారు. యుద్ధం ముగిశాక విశ్వవిద్యాలయం మళ్ళీ సముద్రం ఒడ్డుకు చేరింది.

బ్రిటిషు ప్రభుత్వం 1942లో ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. పన్నెండేళ్ళ క్రితం అదే ప్రభుత్వానికి నిరసనగా రాజీనామా ఇచ్చిన మనిషి దానిని స్వీకరించటం కొందరికి వింతగా తోచవచ్చు. ఆయన ఒక మూసలో ఇమిడే మనిషి కాదు. ఏ పార్టీలోను చాలాకాలం కుదురుగా ఉండలేదు. ఎదుటివారు ఎంతటివారైనా తన ఛలోక్తిని ఆపుకొనలేదు. దానివల్ల మిత్రులతో పాటు విరోధులు కూడా పెరిగారు. వివాహం చేసుకొనలేదు. పుస్తకాలు, విద్యార్థులు, సభలు, ఇవే ఆయన సంసారం.

1949లో ఆయన వాల్తేరు విడిచిపెట్టారు. అప్పటి మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి రాజపాళయం వాసి పి. ఎస్. కుమారస్వామి రాజా. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆయన పదవి చేపట్టారు. తెలుగు, తమిళ జిల్లాలు ఇంకా ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. తెలుగు మాట్లాడే రాజపాళయం మనిషి మద్రాసులో కూర్చొని పరిపాలించిన ఆ రాష్ట్రంలోనిదే వాల్తేరు విశ్వవిద్యాలయం కూడా.

రామలింగారెడ్డిని మైసూరు మళ్ళీ పిలిచింది. నలభై ఏళ్ళ క్రితం పడుచు ఆచార్యుడిగా అడుగుపెట్టిన ఊరికి, తాను రూపుదిద్దటంలో పాలుపంచుకొన్న విశ్వవిద్యాలయానికి, ఆయన ప్రో-ఛాన్సలర్‌గా వెళ్ళారు. ఆ పదవిలో రెండేళ్ళు కూడా నిండలేదు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఏలూరులో 1945లో ప్రారంభమైన కళాశాల సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల అన్న పేరుతో నడుస్తున్నది. అనంతపురం పక్కన ముసలమ్మ దిగిన చెరువు ఇంకా ఉంది.